తేలికైన వేట రైఫిల్‌కు ముందు తూటా, తరువాతే భాగాలు

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న (తార్నాక, హైదరాబాదు): అయ్యా, మా తమ్ముడు కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో స్థిరపడ్డాడు, గ్రీన్ కార్డు ఉంది. వచ్చే శరదృతువులో అక్కడి కొండల మీద ఎల్క్, మ్యూల్ డీర్ అనే జింక జాతుల వేటకు అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాడు. పది వేల అడుగుల ఎత్తున రోజంతా నడవవలసి ఉంటుంది గనుక తేలికైన రైఫిల్‌ను విడి భాగాలు కొని కట్టించుకోవాలని అతని ఆలోచన. తోటి వేటగాళ్లేమో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌కు తక్కువైన తూటాతో ఎల్క్ జోలికి వెళ్లవద్దంటున్నారట. కాలేజీలో ఎన్‌సీసీ శిబిరంలో .22 రైఫిల్ కాల్చిన అనుభవం తప్ప నాకు ఈ విషయం తెలియదు. ఏ తూటా మంచిది? ఏ భాగాలు, ఏ క్రమంలో కొనాలి?

సమాధానం: రైఫిల్ కట్టించుకోవాలనుకునేవారు సాధారణంగా బ్యారెల్ (గొట్టం) గురించీ స్టాక్ (భుజానికి ఆనించే పిడి భాగం) గురించీ ముందు ఆలోచించి, తూటా సంగతి చివరకు వదిలేస్తారు. క్రమం దీనికి తలకిందులుగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. తూటా (గుల్ల, తుపాకిమందు, ముందు బుల్లెట్ కలిసినది) పొడవును బట్టి యాక్షన్ (తూటాను లోపలికి నెట్టి మూసే బోల్టు, దాని చట్రం) పొడవు, తూటాలో పట్టే మందును బట్టి బ్యారెల్ పొడవు, దాని లావును బట్టి మ్యాగజైన్‌లో పట్టే తూటాల సంఖ్య, వీటన్నిటి ఫలితంగా భుజానికి తగిలే తన్నును బట్టి ఆ రైఫిల్‌కు ఉండవలసిన కనీస బరువు నిర్ణయమవుతాయి. తూటా విషయంలో తొందరపడితే, తరువాత ఎంత ఖరీదైన భాగాలు కొన్నా ఆ పొరపాటు సరిదిద్దుకోలేనిది.

చట్టం ఏమి కోరుతున్నదో ముందుగా చెబుతాను. కొలరాడోలో పెద్ద జంతువులను వేటాడే రైఫిల్ కనీసం .24 అంగుళాల క్యాలిబర్‌ది (గొట్టం లోపలి వ్యాసం) కావాలి. తగలగానే విచ్చుకునే బుల్లెట్‌నే వాడాలి. ఆ బుల్లెట్ జింకలకైతే కనీసం 70 గ్రెయిన్లు, అంటే నాలుగున్నర గ్రాములు, ఎల్క్‌కైతే 85 గ్రెయిన్లు, అంటే అయిదున్నర గ్రాములు ఉండాలి. 100 గజాల దూరంలో దాని శక్తి 1,000 అడుగు–పౌండ్లకు, అంటే సుమారు 1,360 జౌళ్లకు తగ్గకూడదు. సాధారణమైన .243 విన్‌చెస్టర్ కూడా ఈ షరతులను నెరవేర్చగలదు. కాబట్టి మాగ్నమ్, అంటే మందు ఎక్కువ పట్టే శక్తివంతమైన తూటా, తప్పనిసరి అనడానికి చట్టంలో ఆధారం లేదు. ఎల్క్ మగది మూడు వందల కిలోలు దాటే జంతువు గనుక చట్టం చెప్పిన కనీసానికి మించి కొంత శక్తి ఉంచుకోవడం న్యాయమే. అయితే ఆ 'కొంత' ఎంత అన్నది లెక్క వేసుకుని తేల్చుకోవలసిన సంగతి.

ఒకే తూటాను కాల్చినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే శక్తి ఆ రైఫిల్ బరువుకు విలోమ నిష్పత్తిలో ఉంటుంది. 3.6 కిలోల రైఫిల్‌ను 2.7 కిలోలకు తగ్గిస్తే తన్ను మూడో వంతు పెరుగుతుంది. బుల్లెట్ బరువు, వేగం, మందు పరిమాణం తెలిస్తే ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. 2.7 కిలోల రైఫిల్‌లో 100 గ్రెయిన్ల బుల్లెట్‌తో .243 విన్‌చెస్టర్ సుమారు 17 జౌళ్లు, 140 గ్రెయిన్లతో 6.5 క్రీడ్‌మూర్ సుమారు 23, అంతే బరువు బుల్లెట్‌తో 7ఎంఎం–08 రెమింగ్టన్ సుమారు 25, 150 గ్రెయిన్లతో .308 విన్‌చెస్టర్ సుమారు 29 జౌళ్ల శక్తితో తన్నుతాయి. అదే రైఫిల్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తన్ను 54 జౌళ్లకు చేరుతుంది. మామూలు బరువున్న .308 రైఫిల్ తన్ను 22 జౌళ్ల దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే, స్నేహితుల సలహా మీ తమ్ముడి భుజాన్ని ఎక్కడికి తీసుకుపోతుందో అర్థమవుతుంది. ఇంత తన్నే రైఫిల్‌తో ఎవరూ మనసుపెట్టి సాధన చెయ్యరు. సాధన లేనివాడు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్లు మూసుకుంటాడు. ఆ బుల్లెట్ జంతువు గుండెకు బదులు కడుపులో తగులుతుంది. గాయంతో పారిపోయి రోజుల తరబడి బాధపడి చచ్చే జంతువు విషయంలో మాగ్నమ్ శక్తి ఎవరికి ఉపకరించినట్లు?

నిజాముల కాలపు షికారులో బరువైన పెద్ద రైఫిళ్లను మోయడానికి వేరే మనుషులు ఉండేవారు. ఆ బరువే తన్నును మింగేసేది గనుక పెద్ద తూటాలు అప్పట్లో నడిచాయి. తన తుపాకిని తానే మోసుకుంటూ కొండ ఎక్కే మనిషికి ఆ రెండు సౌకర్యాలూ లేవు.

ఇక మాగ్నమ్ తెచ్చే బరువు మరొకటి ఉంది. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్‌కు, అలాగే 1906 నాటి .30–06కు, 1925 నాటి .270 విన్‌చెస్టర్‌కు పొడవైన యాక్షన్ కావాలి. .30–06 తూటా మొత్తం పొడవు సుమారు 85 మిల్లీమీటర్లు కాగా, .308 కుటుంబపు తూటా 71 మిల్లీమీటర్లలో ఇమిడిపోతుంది. యాక్షన్ పొట్టిదైతే దానిని పట్టే స్టాక్ భాగం, బోల్టు, మ్యాగజైన్ అన్నీ ఆ మేరకు తగ్గుతాయి. పైగా మాగ్నమ్‌లో అంత మందు పూర్తిగా కాలి ఫలితమివ్వడానికి 24 నుంచి 26 అంగుళాల బ్యారెల్ కావాలి; .308 కుటుంబానికి 22 అంగుళాలు చాలు. తూటాలు లావుగా ఉన్నందువల్ల మాగ్నమ్ మ్యాగజైన్‌లో మామూలుగా మూడే పడతాయి.

ఇవన్నీ చూసి నేను మీ తమ్ముడికి చెప్పేది 7ఎంఎం–08 రెమింగ్టన్. 1952లో వచ్చిన .308 విన్‌చెస్టర్ గుల్ల మెడను సన్నబరిచి రూపొందించిన ఈ తూటాను రెమింగ్టన్ సంస్థ 1980లో బజారుకు తెచ్చింది. 140 గ్రెయిన్ల బుల్లెట్‌తో కంపెనీ తూటాలు 300 గజాల దగ్గర కూడా సుమారు 2,000 జౌళ్ల శక్తిని నిలుపుకుంటాయి. మంచి బుల్లెట్‌తో, ఆ దూరం లోపల, పక్క నుంచి ఊపిరితిత్తుల మీద గురిపెట్టినప్పుడు ఎల్క్‌కు ఇది చాలును. అంతకు మించిన దూరంలో కాల్చే ఆలోచన మొదటి ఏడాది వేటగాడు మానుకోవడమే మంచిది. చిన్న పట్టణాల దుకాణాలలో తూటాలు దొరకడమే ముఖ్యమనుకుంటే .308, ఇంకా తక్కువ తన్ను కావాలంటే హోర్నడీ సంస్థ 2007లో తెచ్చిన 6.5 క్రీడ్‌మూర్ తీసుకోవచ్చు. ఈ మూడింటి మధ్య జంతువు గుర్తుపట్టేంత తేడా లేదు. .243ను మాత్రం ఎల్క్‌కు నేను సిఫారసు చెయ్యను; అది చట్టానికి సరిపోయినా, అనుభవం లేని చేతిలో బుల్లెట్ ఎముకకు తగిలినప్పుడు పొరపాటును భరించే శక్తి అందులో తక్కువ.

తూటా మితమైనదైనప్పుడు బుల్లెట్ నాణ్యత మీద రాజీ పడకూడదు. జాన్ నాస్లర్ 1940లలో రూపొందించి 1948 నుంచి అమ్మిన పార్టిషన్ బుల్లెట్‌లో, ముందు సగం విచ్చుకున్నా వెనుక సగం చెదరకుండా మధ్యలో రాగి మిశ్రమపు అడ్డుగోడ ఉంటుంది. బార్న్స్ వంటి సంస్థల పూర్తి రాగి బుల్లెట్లు సీసం లేకుండానే లోతుగా చొచ్చుకుపోతాయి. మీ తమ్ముడు ఎప్పుడైనా కాలిఫోర్నియా వెళితే అక్కడ 2019 జూలై 1 నుంచి వన్యప్రాణుల వేటకు సీసం బుల్లెట్లు నిషిద్ధమన్న సంగతి తెలిసి ఉండాలి. మాంసం ఇంటికి తెచ్చుకుని పిల్లలకు వండిపెట్టే ఉద్దేశం ఉన్నవారికి, సీసం తునకల భయం లేదు గనుక, ఎక్కడైనా రాగి బుల్లెట్టే మేలని నేననుకుంటాను.

భాగాలలో, ఖర్చు తక్కువగా బరువు ఎక్కువగా తగ్గేది టెలిస్కోప్ దగ్గర. చాలామంది 700 గ్రాములకు పైబడిన పెద్ద స్కోప్‌ను కొని, ఆ బరువును వెనక్కి రాబట్టుకోవడానికి టైటానియం యాక్షన్ మీద వేల డాలర్లు పోస్తారు. లూపోల్డ్ వంటి సంస్థలు చేసే 2.5–8 రెట్ల చిన్న స్కోప్ 320 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 300 గజాల లోపు వేటకు ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపడం సమృద్ధిగా సరిపోతుంది. స్కోప్‌ను పట్టే రింగులు ఉక్కువైతే, అడుగు పట్టీతో కలిపి 200 గ్రాముల దాకా తూగవచ్చు. రింగూ అడుగూ ఒకే ముక్కగా ఉండే తేలికపాటి అల్యూమినియం రింగుల జత అరవై గ్రాముల లోపే ఉంటుంది. కంటికీ అద్దానికీ మధ్య దూరం మాత్రం 90 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోవాలి, ఎందుకంటే తేలిక రైఫిల్ వేగంగా వెనక్కి వస్తుంది, దగ్గరగా పెట్టిన స్కోప్ అంచు కనుబొమను కోస్తుంది.

స్టాక్ రెండవది. అక్రోటు కర్రతో చేసిన స్టాక్ కిలో దాకా తూగితే, ఫైబర్‌గ్లాస్, కార్బన్ పోగులతో చేసినది 550 నుంచి 750 గ్రాముల మధ్య ఉంటుంది. తడికి ఉబ్బదు, ఎండకు వంగదు. 1980లలో వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ తన అల్ట్రా లైట్ ఆర్మ్స్ సంస్థలో మోడల్ 20 అనే రైఫిల్‌ను చేసినప్పుడు, యాక్షన్‌ను 20 ఔన్సులకు, అంటే 567 గ్రాములకు తెచ్చి, కెవ్లార్, గ్రాఫైట్ పోగుల స్టాక్‌లో బ్యారెల్‌ను చివరి దాకా ఆనించి బిగించాడు. సన్నని బ్యారెల్‌కు గట్టి స్టాక్ ఆసరా ఇస్తుందన్న ఆయన ఆలోచన నేటికీ చెల్లుతుంది. స్టాక్ పై అంచు తిన్నగా ఉండాలి, చివర మెత్తని రబ్బరు ప్యాడ్ ఉండాలి. ఈ రెండూ తన్నును తగ్గించవు గాని, చెంపకూ భుజానికీ దాని దెబ్బ తెలియకుండా చేస్తాయి. యాక్షన్ స్టాక్‌లో ఎక్కడా కదలకుండా కూర్చునేలా అల్యూమినియం గొట్టాలు, ఎపాక్సీ వేసి చేసే బెడ్డింగ్ పని మంచి చేతికే అప్పగించాలి.

బ్యారెల్ దగ్గర నేను పొదుపరిని కాదు. దానిని మరీ సన్నగా, మరీ పొట్టిగా చేస్తే రైఫిల్ బరువంతా వెనక్కి చేరి, ఆయాసపడుతున్న మనిషి చేతిలో మూతి గాలిలో తిరుగుతూ ఉంటుంది. ఒక్కొక్క అంగుళం కోసినందుకు బుల్లెట్ వేగం సెకనుకు ఇరవై, ముప్ఫై అడుగుల మేర తగ్గుతుంది. అందుచేత 22 అంగుళాలు ఉంచి, బరువును నడుమ నుంచీ వెనుక నుంచీ తియ్యాలి. సన్నని బ్యారెల్ మూడు, నాలుగు తూటాలకే వేడెక్కి గురి జరగవచ్చు; ఇది వేటకు లోపం కాదు, చల్లని బ్యారెల్ నుంచి వెళ్లే మొదటి తూటా ఎక్కడ తగులుతుందన్నదే వేటగాడికి కావలసింది. మైదానంలో గురి సరిచూసుకునేటప్పుడు మూడు తూటాలు కాల్చి, చల్లారనిచ్చి, మళ్లీ మొదలుపెట్టమని మీ తమ్ముడికి చెప్పండి.

ట్రిగ్గర్ గురించి ఒక్క మాట. మూడు కిలోల బలంతో లాగవలసిన ట్రిగ్గర్ అంతకంటే తేలికైన రైఫిల్‌ను కదిలించకుండా ఉండదు. 1.1 నుంచి 1.4 కిలోల మధ్య, జారుడు లేకుండా తెగే ట్రిగ్గర్ కావాలి. అంతకంటే తగ్గిస్తే చలికి మొద్దుబారిన వేలుతో ప్రమాదం. మ్యాగజైన్‌కు కింద తలుపు లేని బ్లైండ్ రకం అన్నిటికంటే తేలిక. టైటానియం సాంద్రత ఉక్కు కంటే నలభై శాతానికి పైగా తక్కువే గాని, ఆ యాక్షన్‌లలో బోల్టు సాధారణంగా ఉక్కుదే అయి ఉంటుంది కాబట్టి పొదుపు పేరులో వినిపించినంత ఉండదు. డబ్బు మిగిలితేనే దాని వైపు చూడవచ్చు.

అసలు మొదటి ఏడాదే కట్టించుకోవాలా అన్నది కూడా ఆలోచించదగినది. టిక్కా టీ3ఎక్స్ లైట్ వంటి కార్ఖానా రైఫిల్ సుమారు 2.8 నుంచి 2.9 కిలోలు, కింబర్ మోంటానా పొట్టి యాక్షన్‌తో 2.3 కిలోల ప్రాంతం. ఇలాంటి దానికి తేలికపాటి స్కోప్ అమర్చి ఒక వేట కాలం తిరిగితే, ఏ భాగం తనకు ఇబ్బందిగా ఉందో అనుభవమే చెబుతుంది. తరువాత ఆ భాగాన్నే మార్చుకోవచ్చు. కట్టించుకునే తీరాలనుకుంటే, అమెరికా చట్టంలో సీరియల్ నంబరున్న రిసీవర్‌నే (యాక్షన్ చట్రాన్నే) తుపాకిగా పరిగణిస్తారు గనుక దానిని లైసెన్సున్న డీలరు ద్వారా తీసుకుని, బ్యారెల్ బిగింపు, హెడ్‌స్పేస్ కొలత అనుభవమున్న గన్‌స్మిత్ చేత చేయించాలి. బోల్టు ముఖానికీ, గదిలో తూటా ఆగే చోటుకీ మధ్య ఉండవలసిన ఆ దూరం మితిమీరితే గుల్ల పగిలి వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు; ఇంట్లో బల్ల మీద పెట్టి నేర్చుకునే పని కాదిది. స్కోప్, స్లింగ్ (భుజాన వేసుకునే పట్టా), తూటాలతో సహా మొత్తం 3 నుంచి 3.2 కిలోల మధ్య వచ్చేలా చూడమనండి. దానికంటే తగ్గించడం వల్ల కాళ్లకు కలిగే సుఖం కంటే చేతులకు కలిగే నష్టమే ఎక్కువ.

ఇంకొకటి: 1949 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారు కొలరాడోలో వేట శిక్షణ ధ్రువపత్రం లేకుండా లైసెన్సు పొందలేరు. రైఫిల్‌తో వేటాడేటప్పుడు కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట ఒంటి పైభాగాన ఉండాలి, తలపై అదే రంగు టోపీ ఉండాలి.

ప్రశ్న (కూకట్‌పల్లి): మా అమ్మాయి హెచ్–1బి వీసా మీద డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోంది. సహోద్యోగులతో కలిసి తెల్లతోక జింక వేటకు వెళ్లాలని సరదా పడుతోంది. మనిషి అయిదడుగుల రెండంగుళాలు, సన్నగా ఉంటుంది. తేలికపాటి రైఫిల్ కొనమని నేను చెప్పాను. సరైన సలహాయేనా అండీ?

సమాధానం: అమ్మా, రైఫిల్ మాటకు ముందు వీసా మాట తేలాలి. అమెరికా ఫెడరల్ చట్టం హెచ్–1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకిని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధిస్తున్నది. అక్కడి ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉన్నవారికి ఇందులో మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్సు, ఆ తరువాతే దుకాణం. లైసెన్సు గడువు తీరిన రోజు ఇంట్లో రైఫిల్ ఉంటే మినహాయింపు కూడా తీరినట్లే. ఇది వలస హోదాను శాశ్వతంగా దెబ్బతీసే నేరం గనుక మీ అమ్మాయి అక్కడి న్యాయవాదిని ఒకసారి సంప్రదించడం వృథా ఖర్చు కాదు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి వేట శిక్షణ తప్పనిసరి.

ఇక మీ సలహాతో నేను సగమే ఏకీభవిస్తాను. సన్నని మనిషికి తేలిక రైఫిల్ అనడం మోయడానికి సరే గాని, కాల్చడానికి అది ఎక్కువగా తన్నే రైఫిల్. టెక్సాస్‌లో జింక వేట చాలావరకు మంచె మీద కూర్చుని చేసేది, కొండలు ఎక్కనవసరం లేదు. అందుచేత స్కోప్‌తో కలిపి మూడుంబావు, మూడున్నర కిలోల రైఫిల్ ఆమెకు మేలు. తూటా .243 విన్‌చెస్టర్ అయితే అలాంటి రైఫిల్‌లో తన్ను 14, 15 జౌళ్లకు మించదు; తెల్లతోక జింకకు అది నిండుగా సరిపోతుంది. అడవిపందుల మీద కూడా వాడే ఉద్దేశముంటే 6.5 క్రీడ్‌మూర్ మెరుగు.

అన్నిటికంటే ముఖ్యమైనది స్టాక్ పొడవు. కార్ఖానా రైఫిళ్లలో ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి దాకా సుమారు 34 సెంటీమీటర్లు ఉంటుంది. మీ అమ్మాయి ఎత్తుకు 32 దగ్గర సరిపోవచ్చు. పొడవైన స్టాక్ పట్టినప్పుడు మెడ ముందుకు సాగి, నడుము వెనక్కి వంగి, మోచెయ్యి లేచి, తన్నంతా భుజపు ఎముక కొసకు తగులుతుంది. భయం అక్కడ పుడుతుంది, తూటా వల్ల కాదు. కురచ మనుషులకని చేసే కాంపాక్ట్ రకాలు ఉన్నాయి, ప్యాడ్ కింద బిళ్లలు తీసి పొడవు మార్చుకునే స్టాక్‌లూ ఉన్నాయి. మూతికి బ్రేక్ (వాయువును పక్కలకు మళ్లించే రంధ్రాల ముక్క) బిగిస్తే తన్ను తగ్గుతుందని దుకాణదారు చెప్పవచ్చు. అది నిజమే గాని ఆ శబ్దమంతా పక్కలకూ వెనక్కూ మళ్లుతుంది. 140 డెసిబెళ్లు దాటిన పేలుడు శబ్దం ఒక్కసారికే వినికిడిని దెబ్బతీయగలదు, వేట రైఫిళ్లన్నీ ఆ హద్దు దాటేవే. బ్రేక్ లేకుండా కూడా చెవులకు రక్షణ తప్పదు. బ్రేక్ ఉంటే పక్కన కూర్చున్నవారికి కూడా తప్పదు.

ప్రశ్న (తిరుమలగిరి, సికింద్రాబాద్): నేను విశ్రాంత సైనికుణ్ణి. కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెల్ ఉక్కు బ్యారెల్ కంటే తేలిక అని ప్రకటనలలో చదువుతున్నాను. నిజమేనా?

సమాధానం: ఏ ఉక్కు బ్యారెల్ కంటే అన్నది చూడాలండీ. కార్బన్ బ్యారెల్‌లో లోపల రైఫ్లింగ్ (బుల్లెట్‌ను తిప్పే మెలిక గాడులు) ఉన్న సన్నని ఉక్కు గొట్టం ఉంటుంది, దాని మీద కార్బన్ పోగులను రెజిన్‌తో చుడతారు. అంతే లావున్న పూర్తి ఉక్కు బ్యారెల్‌తో పోలిస్తే అది చాలా తేలిక, అంతే బిగువు కూడా. కానీ పర్వత రైఫిళ్లకు వాడే పెన్సిల్ వంటి సన్నని ఉక్కు బ్యారెల్‌తో పోలిస్తే బరువులో తేడా ఉండకపోవచ్చు, కొన్నిసార్లు కార్బన్‌దే ఎక్కువ. వరుసగా ఎక్కువ తూటాలు కాల్చేవారికి దాని బిగువు ఉపయోగపడుతుంది. ఒకటి రెండు తూటాలతో ముగిసే వేటకు రెండింతలు పైబడిన ధర పెట్టడం అనవసరమని నా ఉద్దేశం.

ప్రశ్న (మెహిదీపట్నం): మా నాన్నగారి నుంచి నా లైసెన్సు మీదికి మారిన .315 రైఫిల్ ఉంది. వికారాబాద్ వైపు మా పొలంలో అడవిపందుల బెడద ఎక్కువ. రైఫిల్ బరువుగా ఉంది; బ్యారెల్ నాలుగంగుళాలు కోయించి, స్టాక్ మార్పించి తేలిక చేయించవచ్చునా?

సమాధానం: బ్యారెల్‌ను ముట్టుకోకండి. ఆయుధ చట్టం, 1959లోని 6వ సెక్షన్ ప్రకారం అందుకోసం ప్రత్యేకంగా లైసెన్సు పొందకుండా తుపాకి గొట్టాన్ని కురచ చెయ్యడం నేరం. తయారీకీ మరమ్మతుకూ 5వ సెక్షన్ కింద వేరే లైసెన్సు కావాలి. మీ దగ్గరున్నది తుపాకిని ఉంచుకోవడానికి ఇచ్చినది మాత్రమే. ఈ చట్టం 'ఆయుధాలు' అన్న మాటలో వాటి భాగాలను కూడా చేర్చింది. అమెరికాలో మాదిరిగా బ్యారెల్ ఒకచోట, యాక్షన్ ఒకచోట కొని కట్టించుకునే వీలు ఇక్కడి పౌరునికి లేదు. స్టాక్ చీలితే లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరకు లైసెన్సుతో సహా వెళ్లి, రసీదు తీసుకుని బాగు చేయించుకోండి.

మీ రైఫిల్‌ను తేలిక చెయ్యకపోవడానికి సాంకేతిక కారణం కూడా ఉంది. .303 వంటి సైనిక తూటాలు పౌరులకు నిషిద్ధం కావడంతో, పాత ఆస్ట్రియన్ మాన్లిచర్ తూటా ఆధారంగా వచ్చిన .315 మన దేశంలో వాడుకలోకి వచ్చింది; ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దానికి రైఫిళ్లు చేసింది. దాని బుల్లెట్ బరువైనది, వేగం తక్కువ. దగ్గర దూరాలకు అది ఇప్పటికీ నమ్మదగినదే గాని, రైఫిల్ బరువు తగ్గితే దాని మొద్దు తన్ను మీకే కష్టం. భుజాన వెడల్పాటి తోలు పట్టా వేసుకుంటే మోత సగం తేలికవుతుంది.

అడవిపందుల విషయం మరింత జాగ్రత్తగా చూడవలసినది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 9వ సెక్షన్ వేటను నిషేధిస్తున్నది. 2022 సవరణ తరువాత అడవిపంది రెండవ షెడ్యూలులో ఉంది. పంటకు నష్టం చేస్తున్న జంతువును చంపడానికి 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతించాలి. ఆ కాగితం లేకుండా మీ సొంత పొలంలో, మీ సొంత లైసెన్సు తుపాకితో కాల్చినా అది నేరమే. పంట నష్టాన్ని ఫొటోలతో, తేదీలతో నమోదు చేసి అటవీ అధికారులకు అర్జీ పెట్టండి. రైతుగా మీ బాధ న్యాయమైనది, దానికి దారి కూడా చట్టంలోనే ఉంది.

ప్రశ్న (దిల్‌సుఖ్‌నగర్): మా అబ్బాయి అమెరికా నుంచి వస్తూ మా బావగారి లైసెన్సు రైఫిల్ కోసం ఒక ట్రిగ్గర్ సెట్, స్కోప్, గుర్తుగా రెండు తూటాలు సామానులో పెట్టి తెస్తానంటున్నాడు. ఏమైనా ఇబ్బందా?

సమాధానం: పెద్ద ఇబ్బందే. తూటాలు ఒక్కటి కూడా వద్దు. శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్‌కు ఒక్క తూటా చిక్కినా ఆయుధ చట్టం కింద కేసు నమోదవుతుంది, గుర్తు కోసం తెచ్చానన్న మాట అక్కడ చెల్లదు. ట్రిగ్గర్ తుపాకి భాగం, దిగుమతికి లైసెన్సు కావాలి. రైఫిల్ స్కోప్‌లు అమెరికా ఎగుమతి నియంత్రణల పరిధిలోకి వస్తాయి, కాబట్టి అనుమతి సంగతి చూసుకోకుండా సామానులో పెట్టుకుని బయలుదేరడం అక్కడే తప్పు కావచ్చు. బయలుదేరే ముందు, వేటకు వాడిన సంచి అయితే దాని జేబులన్నీ తిరగేసి చూడమనండి. అడుగున మరచిపోయిన తూటా కూడా కావాలని తెచ్చినదానితో సమానంగానే విచారణకు దారితీస్తుంది. మీ బావగారికి స్కోప్ కావాలంటే నగరంలోని లైసెన్సున్న ఆయుధ దుకాణంలో రసీదుతో కొనుక్కోవడమే సరి. చెవులకు పెట్టుకునే మఫ్‌లు, తోలు స్లింగ్ మాత్రం అబ్బాయి నిశ్చింతగా తేవచ్చు.